ఏ కణం చంపింది

ఆ సోమవారం పొద్దున హైమవతికి ఇక చాలనిపించింది.

మూడేళ్లుగా ఆమె చేస్తున్న పని చెప్పుకోవడానికి చిన్నదే. ఊపిరితిత్తుల కేన్సర్ వచ్చినవాళ్ల ఛాతీలో నీరు చేరుతుంది. ఆసుపత్రిలో ఆ నీరు తీసినప్పుడు, పారబోయకుండా అడిగి తెచ్చుకునేది. అందులో కేన్సర్ కణాలుంటాయి. వాటిని చంపడానికి ఆ మనిషి ఒళ్లే పంపిన రక్షక కణాలూ ఉంటాయి. రెండింటినీ వేరు చేసి, బతికించి, చిన్న గాజు పళ్లెంలో మళ్లీ కలిపి, మైక్రోస్కోపు కింద పెట్టి పన్నెండు గంటలు సినిమా తీసేది. ఏది దేన్ని చంపుతోందో చూసేది.

పదకొండుమంది కణాలు అలా చూసింది. వాళ్లలో తొమ్మిదిమంది ఇప్పుడు లేరు.

పన్నెండో మనిషి పేరు సాంబ్రాజ్యం. అనకాపల్లి దగ్గర పల్లె. ముప్పయ్యేళ్లకు పైగా పెళ్లిళ్లలో కట్టెపొయ్యి ముందు నిలబడి వండింది. చుట్ట ముట్టుకున్న మనిషి కాదు. ఆ పొగే ఆమెను పట్టుకుని ఉంటుందని డాక్టర్లు అనుకున్నారు. నీరు పరిశోధనకు వాడుకోవచ్చునా అని హైమవతి కాగితం పట్టుకుని వెళ్లినప్పుడు, సంతకం పెడుతూ ఆమె ఒకటే అడిగింది, ఇంకెవరికైనా పనికొస్తుందా అని. వస్తుందని హైమవతి చెప్పింది. చెప్పాక తనకే నమ్మకం కలగలేదు.

సాంబ్రాజ్యానికి ఒక కొత్త మందు ఇవ్వాలా వద్దా అని ఆసుపత్రిలో డాక్టర్లు తేల్చుకోలేకుండా ఉన్నారు. రక్షక కణం మీద ఒక మీట ఉంటుంది. కేన్సర్ కణం ఆ మీట నొక్కి దాన్ని ఆపేస్తుంది. నొక్కడానికి చోటు లేకుండా ఆ మీటను కప్పేసే మందు అది. కొందరికి బాగా పనిచేస్తుంది. కొందరికి పనిచేయకపోగా ఉన్న ఓపికనూ లాగేస్తుంది. వాళ్లు చూసే కాగితాల్లో హైమవతి నివేదిక ఒకటి. దాన్నిబట్టే అంతా తేలిపోదుగానీ, అటో ఇటో మొగ్గడానికి అది చాలు.

నివేదిక తయారైంది. మందు లేని పళ్లెంలో చచ్చిన కేన్సర్ కణాలు ముప్పై ఒకటి. మందు కలిపిన పళ్లెంలో ముప్పై నాలుగు. తేడా లేదనే అర్థం.

ఈ లెక్క చూడడానికి హైమవతి ఆర్నెల్లు కూర్చుని ఒక ప్రోగ్రాం రాసుకుంది. సినిమాలో ప్రతి రక్షక కణానికీ అది ఒక నంబరు ఇస్తుంది. కేన్సర్ కణం చచ్చినప్పుడు దాన్ని పట్టుకుని ఉన్న రక్షక కణాన్ని 'చంపినవి' అన్న వరసలో వేస్తుంది. మిగతావాటికి ఇంకో వరస. దానికి మొదట ఏదో పేరుండేది. ఒకరోజు విసుగుపుట్టి హైమవతి దాన్ని 'సోమరులు' అని మార్చింది. పక్క బల్లలవాళ్లు నవ్వారు. పేరు అలాగే ఉండిపోయింది.

మందు కలిపిన పళ్లెంలో రక్షక కణాలు నాలుగువందల పన్నెండు. అందులో సోమరులు మూడువందల డెబ్బై ఎనిమిది.

ఆ కాగితం పట్టుకుని ఆమె ఇస్సాకు మాస్టారి దగ్గరికి వెళ్లింది.

ఇస్సాకు మాస్టారు రిటైరై ఎనిమిదేళ్లు. అయినా ఆసుపత్రి పక్కనే ఉన్న ఆ ల్యాబులో, మూడో అంతస్తులో కిటికీ పక్కన ఆయన బల్ల ఆయనకే ఉంచారు. పంతొమ్మిదో ఏట మిషన్ ఆసుపత్రిలో గాజుపలకలు కడిగే పనిలో చేరిన మనిషి. కడుగుతూ కడుగుతూ వాటిమీద ఏముందో చూడడం మొదలుపెట్టి, చదువుకుని, ఇంతవరకూ వచ్చాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు దేశమంతా ఉన్నారు. ఆయన పాఠం చెప్పగా విన్నవాళ్లు మాత్రం తక్కువ. ఇక్కణ్ణుంచి ఏ నివేదిక బయటికి వెళ్లినా ఆయన ఒకసారి చూడడం అలవాటైపోయింది.

మాస్టారు కాగితం చదివాడు. కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని ఇంకోసారి చదివాడు.

"వీటిలో నువ్వెన్నిటిని చూశావమ్మా?" అన్నాడు.

"అన్నీ చూశాను మాస్టారూ. నాలుగువందల పన్నెండు."

"అది ప్రోగ్రాం చూసింది. నువ్వు?"

ప్రోగ్రాం వచ్చాక హైమవతి సినిమాలు పూర్తిగా చూడడం మానేసి ఏడాది దాటింది. చూడబుద్ధి కావడం లేదు. ఎన్నిసార్లు చూసినా అదే కథ. రక్షక కణం వస్తుంది, కేన్సర్ కణాన్ని ముట్టుకుంటుంది, కాసేపుంటుంది, వదిలేసి పోతుంది. చంపడానికి పుట్టింది చంపకుండా పోతుంటే చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో పక్కవాళ్లకు చెప్పినా తెలియదు.

అదంతా ఆయనతో అనలేదు. ఒక్కమాటే అంది.

"ఇక నావల్ల కాదు మాస్టారూ. విజయనగరంలో కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం ఉంది. వెళ్లిపోదామనుకుంటున్నాను."

ఎందుకని ఆయన అడగలేదు. వద్దనీ అనలేదు.

"వెళ్లమ్మా. వెళ్లేలోపు ఒక్కదాన్ని చూడు."

లేచి, ఆమె బల్ల దగ్గరికి నడిచాడు. మందు కలిపిన పళ్లెం సినిమా పెట్టమన్నాడు. పెట్టింది. నల్లటి తెరమీద పెద్దవిగా కేన్సర్ కణాలు, వాటి మధ్య అక్కడక్కడా ఒంట్లో మామూలు కణాలు, అన్నిటి సందుల్లోంచీ జారిపోతూ చిన్నవిగా రక్షక కణాలు. మాస్టారు జేబులోంచి గాజుపలకల మీద రాసే మార్కర్ తీసి, తెరమీద ఒక రక్షక కణం పక్కన చుక్క పెట్టాడు. ఏరి పెట్టినట్టు లేదు. చెయ్యి ఎక్కడ ఆనితే అక్కడ పెట్టినట్టుంది.

"ఇది ఎటు పోతే అటు పో."

పన్నెండు గంటల సినిమాను ఆరు గంటల్లో నడిచేలా పెట్టమన్నాడు. తర్వాత ఒక స్టూలు లాక్కుని తనూ పక్కన కూర్చున్నాడు. అప్పుడు పొద్దున పది కావస్తోంది.

మొదటి అరగంట హైమవతికి ఏమీ పట్టలేదు. ఆమె ప్రోగ్రాం ఆ కణానికి ఇచ్చిన నంబరు రెండువందల ఆరు. సోమరుల వరసలోదే. పేరుకు తగ్గట్టుగానే ఉంటుందనుకుంది.

అది మాత్రం ఆగడం లేదు.

ఒంట్లో ప్రతి కణమూ తన లోపల ఏం తయారవుతోందో దాని ముక్కలు కొన్ని పైకి తెచ్చి చూపిస్తుంది. రక్షక కణం పనల్లా దగ్గరికి వెళ్లి, తడిమి, ఆ ముక్కలు చూసుకోవడం. మనదైతే వదిలేసి పోవాలి. మారిపోయి ఉంటే ఆగాలి. కేన్సర్ కణం కూడా ఒకప్పుడు మనదే కాబట్టి తేడా ఎక్కడో చిన్న ముక్కలో ఉంటుంది. కొన్ని కేన్సర్ కణాలు ఆ ముక్కలను లోపలే దాచేస్తాయి. ఇదంతా హైమవతి మొదటి ఏడాదే చదువుకుంది, పరీక్షల్లో రాసింది. ఒక్క కణం వెంట పోయి చూడడం ఇదే మొదటిసారి.

రెండువందల ఆరు ఒక మామూలు కణం దగ్గరికి వెళ్లింది. తడిమింది. వదిలేసింది. ఇంకోదాని దగ్గరికి వెళ్లింది. వదిలేసింది. కేన్సర్ కణమొకటి దాని ఎదురుగానే ఉంది, దాన్నీ తడిమి వదిలేసింది. అది ముక్కలు దాచుకుని ఉండాలి. మళ్లీ మామూలు కణం. మళ్లీ ఇంకొకటి. చూసిచూసి హైమవతికి కాళ్లు లాగుతున్నట్టనిపించింది. కూర్చుని ఉన్నది తనే, నడుస్తున్నది అది.

పదకొండున్నరకు అది ఒక కేన్సర్ కణం దగ్గర ఆగింది.

ఈసారి ఆగడం వేరుగా ఉంది. ఒళ్లంతా దానికి అతుక్కుపోయింది. గుండ్రంగా మారింది. సినిమా గడియారంలో పదకొండు నిమిషాలు అలాగే ఉంది. కేన్సర్ కణం లోపల ఒక మూల చిన్న ఆకుపచ్చ మెరుపు మెరిసి ఆరిపోయింది. తర్వాత రక్షక కణం పట్టు వదిలి పక్కకు జారింది. కేన్సర్ కణం ఉన్నచోటే ఉంది, నిక్షేపంగా.

"చూశారా మాస్టారూ. వదిలేసింది," అంది హైమవతి.

మాస్టారు బొమ్మ ఆపమన్నాడు. మార్కర్ తీసి ఈసారి ఆ కేన్సర్ కణం పక్కన చుక్క పెట్టాడు.

"ఇప్పుడు దీని దగ్గర కూర్చో."

బొమ్మ మళ్లీ నడిచింది. రెండువందల ఆరు తెర అంచుకు పోయింది. కేన్సర్ కణం ఒక్కటే మిగిలింది. కాసేపటికి ఇంకో రక్షక కణం వచ్చింది. తడిమి, ఆగి, అతుక్కుంది. లోపల మళ్లీ అదే ఆకుపచ్చ మెరుపు. అదీ వదిలి పోయింది. మూడోది వచ్చింది. మెరుపు ఈసారి తొందరగా ఆరలేదు. అదీ పోయింది.

హైమవతి ముందుకు వంగింది.

ఆ ఆకుపచ్చ రంగు ఆమె వేసిందే. రక్షక కణం చంపాలనుకున్నప్పుడు ఎదుటి కణం గోడకు తూటు పొడుస్తుంది. తూటు పడితే లోపలి రంగు మెరుస్తుంది. తూట్లు పొడవడం కనబడాలనే ఆమె ఆ రంగు వేసింది. అయితే మొదట్లో చిన్నచిన్న మెరుపులు ఎక్కువై లెక్క అడ్డదిడ్డంగా వస్తుంటే, కణం చావని మెరుపును చూడొద్దని ప్రోగ్రాంకు చెప్పింది. అది పనికిరాని మెరుపు అనుకుంది. వాటిని కొట్టేశాక లెక్క ఎంతో శుభ్రంగా వచ్చింది. ఆ రోజు సంతోషంతో ల్యాబులో అందరికీ టీ తెప్పించింది.

తూటు పడిన కేన్సర్ కణం ఊరుకోదు. తూటును పూడ్చుకుంటుంది. పూడ్చుకోవడానికి దానికి కొంచెం సమయం కావాలి, అంతే.

నాలుగో రక్షక కణం వచ్చేసరికి మూడోది పొడిచిన మెరుపు ఇంకా ఆరలేదు. నాలుగోది అతుక్కుంది. కేన్సర్ కణం ఒళ్లంతా ఒక్కసారి ఆకుపచ్చగా అయింది. అంచులు బుడగలు బుడగలుగా ఉబ్బాయి. ముడుచుకుంది. చితికిపోయింది.

ప్రోగ్రాం కాగితంలో ఆ చావు ఉంది. చంపినవి అన్న వరసలో నాలుగోదాని నంబరు ఒక్కటే ఉంది. ముందు వచ్చిన మూడూ సోమరులు.

మధ్యాహ్నం మాస్టారు డబ్బా విప్పి, పెరుగన్నంలో సగం మూతలో పెట్టి హైమవతి ముందుకు జరిపాడు. తింటూ చూశారు. మొదట చుక్క పెట్టిన రెండువందల ఆరును మళ్లీ వెతికి పట్టుకున్నారు. అది సాయంత్రం వరకూ తిరిగింది. మరో నాలుగు కేన్సర్ కణాలకు తూట్లు పొడిచింది. ఒక్కటి కూడా దాని చేతిలో చావలేదు. చివరి గంటల్లో దాని నడక మందగించింది. తడమడం తగ్గింది. కేన్సర్ కణం పక్కనే నిలబడి కూడా అటు తిరగలేదు. సినిమా అయిపోయేసరికి అది ఒక మూల కదలకుండా ఉంది.

వాటికి అలా జరుగుతుందని పుస్తకాల్లో ఉంది. కేన్సర్ కణాల మధ్య చాలాకాలం పనిచేసినవి అలసిపోతాయి. శాస్త్రంలో దానికి పెట్టిన పేరే అలసట. ఆ మాట హైమవతి నివేదికల్లో వందసార్లు రాసింది.

మాస్టారు స్టూలు మీంచి లేవడానికి బల్ల పట్టుకున్నాడు. కాళ్లు తిమ్మిరెక్కినట్టున్నాయి. హైమవతి చెయ్యి అందించింది. ఆయన పట్టుకుని లేచి, నెమ్మదిగా తన బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

నివేదిక ఆ రోజు ఆసుపత్రికి వెళ్లలేదు. ఇంకో ఆరు వారాలు ఆగగలరా అని హైమవతి డాక్టర్లను అడిగింది. మూడు ఇచ్చారు. సాంబ్రాజ్యానికి ఛాతీలో మళ్లీ నీరు చేరుతోందనీ, అంతకంటే ఆగలేమనీ చెప్పారు.

ఆ మూడు వారాలూ ఆమె చేతితో లెక్క రాసింది. ప్రోగ్రాంను పక్కన పెట్టేసి, రెండు పళ్లేల్లోనూ ఒక్కొక్క కేన్సర్ కణం దగ్గర కూర్చుని, ఎవరొచ్చారు, ఎంతసేపున్నారు, మెరుపు ఎప్పుడు ఆరింది అని రాసుకుంది. కళ్లు మండి నీళ్లు కారేవి. కాసేపు మూసుకుని మళ్లీ తెరిచేది. ఇందులో ఉత్సాహమేమీ లేదు. రోజుకు ఇరవై కణాలు దాటేవి కావు. కొన్ని రోజులు పది.

రెండో వారం చివరికి విషయం తెలిసింది. మందు లేని పళ్లెంలో ఒక తూటుకూ ఇంకో తూటుకూ మధ్య రెండు గంటలు పడుతోంది. ఆలోపు కేన్సర్ కణం పూడ్చుకుంటోంది. మందు ఉన్న పళ్లెంలో అరగంటకో తూటు పడుతోంది. పూడ్చుకోవడం పూర్తికాకముందే ఇంకోటి వస్తోంది. అయితే చాలా కణాలకు మొదటి తూటు పడడానికే తొమ్మిది పది గంటలు పడుతోంది, నాలుగైదు పోగుపడేసరికి పన్నెండు గంటలూ అయిపోతున్నాయి. చావులు మొదలయ్యే వేళకు ఆమె కెమెరా ఆపేస్తోంది.

దాచి ఉంచిన కణాలతో మళ్లీ పళ్లేలు పెట్టింది. ముప్పై గంటలు సినిమా తీసింది. మందు లేని పళ్లెంలో చావులు నలభై నాలుగు. మందు ఉన్న పళ్లెంలో నూటయాభై తొమ్మిది.

డాక్టర్లు ఆ కాగితం చూశారు, తక్కినవీ చూశారు. మందు మొదలుపెట్టారు.

మూడు వారాలకొకసారి ఎక్కించారు. మొదటి రెండుసార్లకూ సాంబ్రాజ్యం మంచం దిగలేకపోయింది. ఒళ్లంతా దద్దుర్లు, జ్వరం. ఆపేద్దామా అని కూడా అనుకున్నారు. నాలుగోసారి తర్వాత తీసిన స్కానులో గడ్డ సగానికి తగ్గింది. నీరు చేరడం ఆగింది. అది ఎన్నాళ్లుంటుందో ఎవరూ చెప్పలేదు. ఆమె అడగలేదు.

ఒకరోజు ఆసుపత్రికి వచ్చినప్పుడు ఆమె హైమవతిని వెతుక్కుంటూ మూడో అంతస్తుకు వచ్చింది. మెట్ల మలుపు దగ్గర ప్రతిసారీ కూర్చుని లేచి వచ్చిందట. తన నీళ్లలోంచి తీసినవి చూపిస్తారా అని అడిగింది. హైమవతి బొమ్మ పెట్టింది. పెద్దవి జబ్బు కణాలనీ, చిన్నవి కాపాడేవనీ చెప్పింది.

"పెద్దవీ నావేనా?" అని అడిగింది సాంబ్రాజ్యం.

"రెండూ మీవేనమ్మా."

ఆమె చాలాసేపు చూసింది. చిన్నదొకటి ఒకదాని దగ్గరికి పోవడం, తడమడం, వదలడం, ఇంకోదాని దగ్గరికి పోవడం.

"పాపం, ఎంత తిరుగుతోందో," అంది. "దాన్ని కాసేపు కూర్చోనివ్వరా?"

కిటికీ పక్క బల్ల దగ్గర మాస్టారు తలెత్తి ఆ పెద్దావిడ వంక చూశాడు. ఆమె వెళ్తుంటే లేచి మెట్ల దాకా వెళ్లి సాగనంపి వచ్చాడు. ఆయన అలా ఎవరితోనూ వెళ్లగా హైమవతి చూడలేదు.

విజయనగరం మాట ఆమె మళ్లీ ఎత్తలేదు. ఆయనా అడగలేదు. అలసట అలాగే ఉంది. ఇంకో ముగ్గురి నీరు వచ్చింది. వాళ్లలో ఒకరికి మందు పనిచేయలేదు. ఆ రోగి పోయిన రోజు కూడా హైమవతి రాసుకుంటూనే ఉంది.

చలికాలం మొదట్లో ఆ పదిహేనుమంది సంగతీ ఒక వ్యాసంగా రాయడానికి కూర్చుంది. పత్రికవాళ్లు పంపిన పట్టికలో ప్రతి చావుకూ ఒక వరస ఉంది. కేన్సర్ కణం నంబరు ఒక గడిలో, అది చచ్చిన సమయం పక్క గడిలో, చంపిన కణం నంబరు ఆ పక్క గడిలో రాయాలి. మూడో గడి దగ్గర ఆమె పెన్ను ఆగిపోయింది. మొదట పొడిచినదా, చివర పొడిచినదా, ఎక్కువసేపు పట్టుకున్నదా. మూడు రోజులు తిప్పితిప్పి ఆలోచించింది. ఏ పద్ధతి పెట్టినా ఎవరో ఒకరు బయటే ఉండిపోతున్నారు.

నాలుగో రోజు ఆ కాగితాన్ని మాస్టారి ముందు పెట్టింది.

"ఈ గడిలో ఏది రాయాలి మాస్టారూ? ఒక్క నంబరే పడుతుంది."

ఇస్సాకు మాస్టారు గాజుపలక ఒకటి తుడుస్తున్నాడు. దాన్ని వెలుతురుకు పట్టి చూసి, కింద పెట్టి, కాగితం వంక ఒకసారి చూశాడు.

"గడి పెద్దది చెయ్యమ్మా," అన్నాడు.